ముప్పై మూడో పరిచయం

నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం రాదు. "దీని కాళ్లకు చక్రాలున్నయ్" అని మా అమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్పుకునేది. ఇంటర్ రెండో సంవత్సరం చివర్లో ఆ జబ్బు బాగా ముదిరింది. పుస్తకం పట్టుకుంటే పది నిమిషాలు. తర్వాత లేచి మంచినీళ్లు తాగాలి, వాకిట్లోకి పోవాలి, క్వార్టర్ల సందు చివరిదాకా నడిచి రావాలి. వచ్చి కూర్చుంటే మళ్లీ అదే పేజీ. నేనొక్కదాన్నే కాదు, ఆ చలికాలం మా క్లాసంతా అట్లాగే ఉంది. జూన్ వచ్చేసరికి ఎవరు ఎక్కడుంటారో ఎవరికీ తెలియదు. హైదరాబాద్ అనేవాళ్లు కొందరు, వరంగల్ అనేవాళ్లు కొందరు, ఏమీ అనకుండా ఊరుకునేవాళ్లు కొందరు. ఊరుకునేవాళ్లను చూస్తేనే నాకు ఎక్కువ కంగారుగా ఉండేది.

సరిగ్గా అప్పుడే మా తెలుగు సార్ నాకో పని అంటగట్టారు. గోదావరిఖనిలో మా జూనియర్ కాలేజీకి ఫేర్‌వెల్ రోజు ఒక పద్ధతి ఉంది. అది సార్ పెట్టిందే. వెళ్లిపోయే ఒక్కొక్కరినీ రోల్ నంబర్ వారీగా స్టేజి మీదికి పిలిచి, వాళ్ల గురించి అయిదారు వాక్యాలు మైకులో చదువుతారు. వాళ్ల గుణం, ఆట, పాట, పిచ్చి, ఏ క్లబ్బులో ఏం వెలగబెట్టారు, అన్నీ. వాటిని 'పరిచయాలు' అనేవాళ్లం. "వచ్చిన్నాడు ఎవలు ఎవలో ఎవలికి తెల్వదు. పొయ్యే రోజన్న ఒకలినొకలు ఎరుక చేసుకోవాలె గద" అనేవారు సార్. గోడపత్రిక నడిపేది నేనే కాబట్టి రాసే పని నా నెత్తిన పడింది. మొత్తం నలభై ఒక్క మంది.

"పరీక్షలున్నయ్ సార్" అన్నాను.

"నువ్వెట్లాగు సదువుతలేవు. తిరుగుతనే ఉంటవ్ గద. తిరుక్కుంట రాయి" అన్నారు.

ఉన్నమాట అంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. నాకూ మండింది. కానీ లోపల మాత్రం పొంగిపోయాను. నలభై ఒక్క మందీ ఎట్లాంటివాళ్లో చెప్పే అధికారం నా చేతికి వచ్చింది కదా. ఆ పొగరుతోనే ఆ పని చేశాను. ఆ కాగితాల్లో ఒకదాని మీద ఒక అమ్మాయి ఉద్యోగం, వాళ్ల నాన్న మాట, ఆమె ముందున్న నలభై ఏళ్లు ఆధారపడి ఉన్నాయని తెలిసేసరికి, కాగితం సార్ చేతిలో ఉంది, సార్ మైకు ముందు ఉన్నారు.

నాలుగు ప్రశ్నలు రాసి జిరాక్స్ తీయించి అందరికీ పంచాను. నీకేది ఇష్టం? ఏ క్లబ్బులో ఉన్నావు? నీకు అది ఎవరు నేర్పారు? ఏం కావాలనుకుంటున్నావు? క్లబ్బుల సంగతి చెప్పాలంటే, మా దగ్గర కాగితం మీద ఆరు ఉండేవి, నిజంగా నడిచేవి రెండు. సైన్స్ క్లబ్‌కు గది ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియదు. పర్యావరణ క్లబ్ వాళ్లు ఏటా ఒకే గుంతలో మొక్క నాటి ఫోటో దిగేవాళ్లు. ఆ గుంత మాత్రం బాగా పెరిగింది. నడిచేవి నా గోడపత్రిక, వాలీబాల్.

కాగితాలు తిరిగి వస్తుంటే నాకు ఆశ్చర్యం. రెండేళ్లు పక్క బెంచీలో కూర్చున్నవాళ్ల గురించి నాకేమీ తెలియదు. ఒకబ్బాయి మంచం కింద అట్టపెట్టెల నిండా రాళ్లేనట. ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో పనిచేసే వాళ్ల బాపు పలకల్లాంటి బండముక్కలు తెస్తే, వాటిని జాగ్రత్తగా చీల్చి లోపల అచ్చుపడిన ఆకుల్ని చూస్తూ కూర్చుంటాడు. ఏం కావాలనుకుంటున్నావు అన్నచోట "ఈ రాళ్లు పట్టేంత ఇల్లు" అని రాశాడు. నస్పూర్ నుంచి రోజూ బస్సులో గోదావరి దాటి వచ్చే ఇంకొకడికి కామెంటరీ పిచ్చి. క్రికెట్‌కే కాదు, క్యాంటీన్‌లో సమోసా నూనెలో పడి లేవడానికి కూడా కామెంటరీ చెప్పేవాడు. కోస్తా నుంచి వచ్చిన ఆఫీసర్ల అమ్మాయి ఒకతె గని సైరన్‌ను గొంతుతో అచ్చం అట్లాగే కూసేది. ఒకసారి వెనక బెంచీ నుంచి అది కూస్తే ఫిజిక్స్ సార్ గడియారం చూసుకుని, నమ్మలేక, పుస్తకం మూసి వెళ్లిపోయారు.

అన్నిట్లోకీ నాకు నచ్చింది మా వాలీబాల్ కెప్టెన్ కాగితం. రోల్ నంబర్ ముప్పై మూడు. నాకు మంచి స్నేహితురాలు, కానీ నాకు పూర్తిగా వ్యతిరేకం. నేను రోజంతా తిరుగుతూ ఒక్క పనీ చెయ్యను, తను కదలకుండా నిలబడి బంతి ఎటు పడుతుందో చూసి అక్కడికే పోతుంది. ఎక్కువ మాట్లాడదు. తను రాసింది ఇదీ: "వాలీబాల్ మా బాపు నేర్పిండు. ఇప్పటికీ దినాం పొద్దుగాల ఆరింటికి గ్రౌండ్‌ల నాతోని ఆడుతడు. బాపు కొట్టిన పది సర్వీసులల్ల ఏడు నేను లేపలేను." చివరి ప్రశ్న ఎదురుగా మాత్రం ఖాళీ వదిలింది.

ఇంక నేను ఆగుతానా. యాభై దాటిన గని కార్మికుడు, గాల్లోకి లేచి, చేతిని వెనక్కి విరిచి, కన్నకూతురి మీదికి దయాదాక్షిణ్యాలు లేకుండా సర్వీసు కొట్టడం గురించి ఆరు వాక్యాలు రాశాను. ఆయన ఎగిరితే నెట్టు చిన్నబోతుందని కూడా రాశాను. సార్ చదివి "బాగ రాసినవ్ బిడ్డ" అన్నారు. నేను ఆ రోజంతా నేల మీద లేను.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. మా దగ్గర గనిని బాయి అంటారు. బాయిలో ఏళ్ల తరబడి దిగినవాళ్లు ఆరోగ్యం చెడి పని చెయ్యలేకపోతే గని నడిపే కంపెనీ మెడికల్ బోర్డు చూసి, నిజమని తేలిస్తే అన్‌ఫిట్ చేస్తుంది. అప్పుడు ఆ ఇంట్లో ఒకరికి ఉద్యోగం వస్తుంది. ఇదివరకు కొడుకులకే అనుకునేవాళ్లు, ఇప్పుడు కూతుళ్లకూ వస్తోంది. అందుకని మా కాలనీల్లో ఒక మర్యాద ఉంది. ఎవరి ఫైలైనా బోర్డు దగ్గర ఉందని తెలిస్తే వాళ్ల ఆరోగ్యం గురించి ఎవరూ మంచిమాట అనరు. "మంచిగున్నవా కాక" అని కూడా అడగరు. అడిగితే పలకరించినట్టు కాదు, కీడు కోరినట్టు. అప్పటిదాకా సైకిల్ మీద ఎగిరి కూర్చున్న మనిషి ఒక్కసారిగా సైకిల్ పట్టుకుని నడుస్తుంటే, చూసినవాళ్లు తల తిప్పుకుంటారు. పాలప్యాకెట్ కోసం పోయినవాడు మోకాలు పట్టుకుని అరుగు మీద కూర్చుంటే, షాపతను ప్యాకెట్ తెచ్చి చేతికిస్తాడు. కొందరికి ఆ నొప్పి పచ్చినిజం. కొందరికి సగం నిజం. ఆ తేడా అడగడం మాకు అలవాటు లేదు.

ఈ మర్యాద నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. తెలియనిదల్లా మా కెప్టెన్ వాళ్ల బాపు ఫైలు బోర్డుకు పోయిందని. వాళ్లుండే కాలనీ వేరు, మా కాలనీ వేరు. తను నాతో ఒక్కమాట అనలేదు.

ఫేర్‌వెల్ శనివారం. పొద్దున్నుంచి కాలేజీ అంతా చీరల్లో జారుతూ లేస్తూ ఉన్న అమ్మాయిలు, అన్నల చొక్కాల్లో దూరిన అబ్బాయిలు. తల్లిదండ్రులను కూడా పిలిచారు. ముఖ్య అతిథి కంపెనీ దవాఖాన నుంచి ఒక డాక్టరు గారు. పరీక్షల ముందు నిద్ర ఎట్లా పోవాలో చెప్పడానికి వచ్చారు. ఆయనకు ఆహ్వానం కార్డు ఇవ్వడానికి సార్‌తో పాటు పోయింది మా కెప్టెనే.

నేను మామూలుగానే గేటుకూ స్టేజికీ మధ్య తిరుగుతున్నాను. అప్పుడు గేటులోంచి మా కెప్టెన్ అమ్మానాన్నలు వచ్చారు. ఆయన మెడకు మఫ్లర్, ఒక చెయ్యి భార్య భుజం మీద, ఇంకో చెయ్యి గోడ మీద. నాలుగడుగులు వేసి ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. నేను అట్లాగే నిలబడిపోయాను. నా కాగితంలో నెట్టును చిన్నబుచ్చిన మనిషి ఆయనే.

పక్కన కూర్చున్న ఒకామె నా చూపు చూసి నెమ్మదిగా అంది, "గట్ల సూడకు బిడ్డ. మంగళారం బోర్డు ఉన్నది ఆయనకు."

ముందు వరసలో డాక్టరు గారు మంచినీళ్ల సీసా మూత తీస్తున్నారు. ఆయన ఆ బోర్డులో ఉంటారో లేదో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. కానీ నా ఆరు వాక్యాలు ఆయన చెవిన పడితే ఏమవుతుందో నాకు తెలుసు. స్టేజి మీద సార్ కళ్లజోడు సర్దుకుని ఒకటో నంబర్ మొదలుపెట్టారు.

ముప్పై రెండు పరిచయాలు అయ్యేలోపు నేను ఎన్నిసార్లు స్టేజి మెట్ల దాకా పోయి వచ్చానో లెక్క లేదు. రాళ్లబ్బాయిది చదివినప్పుడు జనం నవ్వారు, నాకు వినపడలేదు. సైరన్ అమ్మాయిని మైకులో కూయమంటే కూసింది, అందరూ ఈలలు వేశారు, నేను మాత్రం ఇంకా ఎన్ని ఉన్నాయో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాను. ఇరవై అయిదో నంబర్ దగ్గర సార్ చెవిలో చెబుదామని పైకి ఎక్కితే, "ఏందే నీ లొల్లి, గాడ కూసోరాదు?" అని మైకు ఆపకుండానే అన్నారు. అది కూడా అందరికీ వినపడింది. దిగిపోయాను. ముప్పై రెండు అయ్యీ అవగానే మళ్లీ ఎక్కి, సార్ చేతిలో కాగితం పట్టుకున్నాను.

"ఇది నేను సదువుత సార్. నా దోస్తు."

సార్ ఒక్క క్షణం చూసి పక్కకు జరిగారు.

మా కెప్టెన్ వచ్చి నా పక్కన నిలబడింది. నీలం చీర, చేతికి గాజులు, ఎప్పుడూ చూడని మనిషిలా ఉంది. నేను కాగితం ముందు పెట్టుకుని, దాని మీద ఉన్నది చదవకుండా, లేనిది చెప్పడం మొదలుపెట్టాను. మా కెప్టెన్‌కు ఆట నేర్పింది వాళ్ల నాన్నే అన్నాను. అది ఎప్పుడో చిన్నప్పటి మాట అన్నాను. ఇప్పుడు ఆయన నాలుగు మెట్లెక్కితే ఆయాసపడతారని, తను ఒక్కతే గోడకు బంతి కొట్టుకుంటూ నేర్చుకుందని, ఆట అయ్యాక ఇంటికి పోయి ఆయన కాళ్లకు నూనె రాస్తుందని చెప్పాను. ఎక్కడి నుంచి వచ్చాయో ఆ మాటలు. మధ్యలో తన వేలు వచ్చి కాగితం మీద పడింది. నేను రాసిన మొదటి వాక్యం కింద గట్టిగా నొక్కింది. పాపం భయపడుతోంది అనుకున్నాను. ఆ వేలిని పక్కకు తోసి ఇంకో వాక్యం కలిపాను.

చప్పట్లు చాలాసేపు మోగాయి. తల్లులు కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. డాక్టరు గారు వెనక్కి తిరిగి ఎవరా అని చూస్తే, మా కెప్టెన్ నాన్న కూర్చున్నచోటి నుంచే చేతులు జోడించారు. నేను మెట్లు దిగేసరికి వాళ్లమ్మ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "మా ఇంట్ల దీపం వెట్టినవ్ బిడ్డ" అంది. నిజం చెప్పాలంటే నాకు చాలా గర్వంగా ఉంది. నేను చేసిన తప్పును నేనే, ఎవరికీ తెలియకుండా, అంత అందంగా దిద్దుకున్నానని.

బిర్యానీ ప్యాకెట్లు పంచుతుంటే మా కెప్టెన్ నా మోచెయ్యి పట్టుకుని నీళ్లట్యాంకు వెనక్కి లాక్కుపోయింది.

"ఎవలు మార్చుమన్నరే నిన్ను?"

"ఎవలన్లె, నేనే మార్చిన. మంగళారం బోర్డంట గద! నాకు ముందుగాల చెప్పొద్దా? అదే సదివితే ఏమవుతుండె?"

"చెప్తే నువ్వు రాయవని చెప్పలె."

నాకు అర్థం కాలేదు. తను నెమ్మదిగా, ఆట మధ్యలో పాయింట్లు చెప్పినట్టు చెప్పింది. "డాక్టర్ సార్‌కు కార్డు ఇచ్చింది నేను. ఎవలు ముందట కూసుంటరో నాకెర్కే. అందుకే గట్ల రాసిన. మోకాళ్లు నొస్తయ్ బాపుకు, అది నిజమే. దమ్ము రాకుంట ఉండుడు నిజం గాదు. నాకు గా నౌకరి వద్దే."

"ఇంట్ల చెప్పొచ్చు గద?"

"రెండుసార్లు చెప్పిన. నీకోసమే గద బిడ్డ అంటడు. గామాట అన్నంక ఇంకేం చెప్తం?"

"మరి ఏం కావాలె నీకు?"

"తెల్వదు" అంది. అప్పుడు మొదటిసారి తన గొంతు పెరిగింది. "నాకు తెల్వదు. కొన్నొద్దులు తెల్వకుంటనే ఉండాలని ఉన్నది. మీరందరు ఉంటలేరా గట్ల? నాకొక్కదానికేనా పద్దెనిమిదేండ్లకే అరవై దాక ఖరారైపోవుడు?"

నేను చలికాలమంతా ఏ తెలియకపోవడం భరించలేక ఊరంతా తిరిగానో, అది తనకు కావాలట. నాకు జాలి వెయ్యాలి. వెయ్యలేదు. కోపం వచ్చింది. చెప్పలేనంత కోపం.

"నీ నోటితోని చెప్పలేనిది నా కాగితంతోని చెప్పిద్దామనుకున్నవా? మీ బాపును అందరి ముందట నాతోని పట్టిద్దామనుకున్నవా?"

"ఔ" అంది. "నలభై ఒక్క మంది ఎట్లాంటోళ్లో రాసినవ్ గద. నేనెట్లున్ననో నీకు కానరాలె."

ఆ మాట పడేసరికి నేను ఏదేదో అరిచాను. తను చీర కుచ్చిళ్లు పైకి పట్టుకుని, ఎప్పుడూ నడిచేటట్టే పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ పోయింది.

ఆదివారం, సోమవారం నేను మనిషిని కాను. అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. సందులో ఇటు నుంచి అటు తిరుగుతుంటే మా నాన్న "ఏమైంది, పరీక్షల ఫికరా?" అని అడిగాడు. ఔనన్నాను. లోపల ఒకటే కొట్టుకుంటోంది. మంగళవారం దాకా టైముంది. పోయి ఆయనకు చెబితే? మీ అమ్మాయికి ఇష్టం లేదు కాకా అని ఒక్కమాట. బోర్డుకు కాదు, డాక్టరుకు కాదు, ఆయనకే. తను రెండుసార్లు చెప్పినా వినని మనిషి బయటివాళ్లు చెబితే వింటాడేమో. వినకపోయినా నేను చెప్పినట్టవుతుంది.

సోమవారం సాయంత్రం వాళ్ల క్వార్టర్‌కు పోయాను. ఆయన వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. గేటు చప్పుడు వినగానే వంగి దగ్గడం మొదలుపెట్టారు. తలెత్తి నన్ను చూసి ఆపేశారు.

"నువ్వా బిడ్డ. దా, దా" అని లేచి, లోపలి నుంచి ఇంకో కుర్చీ ఒంటిచేత్తో ఎత్తుకొచ్చి నా ముందు వేశారు. నాకు నవ్వు రావాల్సింది. రాలేదు.

"శనారం నువ్వు మంచిగ మాట్లాడినవ్" అన్నారు. తన అరచేతులు చూసుకుంటూ మళ్లీ అన్నారు, "ముప్పై ఏండ్లు దిగిన బిడ్డ నేను. ఒక్కొక్కనాడు పైకొస్తనా లేదా అనుకుంట దిగిన. నా బిడ్డ ఎవ్వల ముందట చెయ్యి చాపొద్దు. గంతే నాది. ఆటలు ఎన్నొద్దులు ఆడుతరు చెప్పు?"

మా కెప్టెన్ అప్పుడే తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. తలుపు చట్రానికి ఒక భుజం ఆనించి నావైపే చూస్తోంది. నేనెందుకు వచ్చానో తనకు తెలుసు. శనివారం నీళ్లట్యాంకు వెనక ఉన్న కోపం ఆ ముఖంలో లేదు. ఎదురుచూస్తోంది. ఆయన కూడా నావైపు చూస్తున్నారు, ఏమిటమ్మా అన్నట్టు. లోపల వంటింట్లో వాళ్లమ్మ నాకోసం చాయ్ పెడుతున్న చప్పుడు వినపడుతోంది.

"కెమిస్ట్రీ నోట్స్ కోసం వచ్చిన కాక" అన్నాను.

తను భుజం చట్రం నుంచి తీసి లోపలికి పోయింది. నోట్స్ తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను చాయ్ తాగి, వాళ్లమ్మకు చెప్పి, వచ్చేశాను. ఆ నోట్స్ నాకు అవసరం లేదు. నా దగ్గర ఇంకా మంచివి ఉన్నాయి.

మంగళవారం బోర్డు ఆయన్ని అన్‌ఫిట్ చేసింది. నేను స్టేజి మీద ఆడిన అబద్ధం వల్లనే అని చెప్పలేను. అది లేకపోయినా చేసేవాళ్లేమో. ఆ 'ఏమో' నన్ను ఇప్పటికీ వదల్లేదు. పరీక్షలు అయ్యాయి. నేను హైదరాబాద్‌లో డిగ్రీలో చేరాను. కొన్ని నెలలకు తనకు ఆర్డర్ వచ్చింది. బాయి మీద ల్యాంప్ రూంలో వేశారు. షిఫ్టుకు దిగేవాళ్లకు తలలైట్లు ఇవ్వాలి, పైకి వచ్చినవాళ్ల దగ్గర తీసుకుని చార్జింగ్‌కు పెట్టాలి.

ఇది జరిగి నాలుగేళ్లు. సెలవులకు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు చెబుతూనే ఉన్నారు. తను కంపెనీ మహిళల జట్టులో ఆడుతోందట, కప్పులు తెస్తోందట. వాళ్ల నాన్న మాత్రం గ్రౌండ్ వైపు పోరు. అన్‌ఫిట్ అయిన మనిషి పొద్దున్నే నెట్టు ముందు ఎగిరితే చూసినవాళ్లు ఏమనుకుంటారు? సాయంత్రాలు కాలనీలో చేతికర్రతో నడుస్తారు. మొదట్లో అది నలుగురి కోసం. నాలుగేళ్లు అట్లా నడిచీ నడిచీ ఇప్పుడాయన నిజంగానే నెమ్మదించారు. పోయినసారి బజార్లో నన్ను చూసి నవ్వి, పలకరించే ముందు నిజంగానే ఊపిరి కోసం ఆగారు. నాకు అక్కడి నుంచి పారిపోవాలనిపించింది.

తనతో మాత్రం నేను మాట్లాడలేదు. పెళ్లిళ్లలో ఎదురుపడితే ఇద్దరం నవ్వి పక్కకు తప్పుకునేవాళ్లం. పోయిన నెల ఇంక ఉండబట్టలేక పోయాను. మధ్యాహ్నం షిఫ్టు మారే ముందు బాయి గేటు ఎదురుగా ఉన్న చాయ్ హోటల్ దగ్గర నిలబడ్డాను. తను వచ్చింది. నల్లబూట్లు, యూనిఫాం, చేతిలో టోపీ. నన్ను చూసి ఆగింది. తర్వాత వచ్చి బల్ల మీద నా పక్కన కూర్చుని రెండు చాయ్‌లు చెప్పింది.

"నౌకరి ఎట్లుంది?" అన్నాను. ఇంతకంటే తెలివైన ప్రశ్న నాకు దొరకలేదు.

"మంచిగనే ఉన్నది" అంది. "అందరు అక్కా అక్కా అంటరు. జీతం టైంకు వస్తది. తమ్ముని ఫీజు కట్టిన. మంచిగ లేకుంటే బాగుండు, తిట్టుకోవచ్చు."

ఇద్దరం నవ్వాం. మేం కూర్చున్న బల్ల ముందు నుంచి షిఫ్టుకు పోయేవాళ్లు ఒక్కొక్కరే గేటులోకి పోతున్నారు. నాకు కాళ్లు ఆడుతున్నాయి. లేచి తిరగాలని ఉంది. కూర్చున్నాను.

"నీకు ఇంకా కోపం ఉన్నదా నా మీద?"

తను చాయ్ గ్లాసు కింద పెట్టింది. "ఒకటి అడుగుత, నిజం చెప్పు. గా దినం స్టేజి ఎక్కకముందే నేను నీకు అన్ని చెప్పిన అనుకో. నాకు వద్దని చెప్పిన అనుకో. అప్పుడు సదివేదానివా, నువ్వు రాసింది రాసినట్టు?"

నాలుగేళ్లుగా నాకు నేను చెప్పుకుంటున్నది, నాకు తెలియదు కదా అని. తెలిసి ఉంటే అంతా వేరుగా ఉండేదని. గోడ పట్టుకుని నడుస్తున్న ఆయన గుర్తొచ్చారు, చాయ్ పెడుతున్న వాళ్లమ్మ గుర్తొచ్చింది. సోమవారం నాటికి నాకు అన్నీ తెలుసు. తెలిసే కెమిస్ట్రీ నోట్స్ అడిగాను.

"సదివేదాన్ని గాదు" అన్నాను.

తను తలూపింది. కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు.

"నీ జాగల నేనున్నా సదివేదాన్ని గాదు" అంది.

ఆ మాటకు నాకు దుఃఖం ఆగలేదు. తను నా వీపు మీద చెయ్యి వేసి కాసేపు ఉంచింది. తర్వాత టోపీ పెట్టుకుని, డ్యూటీకి టైమైందని గేటులోకి పోయింది.